ఒక సెకను ఆలస్యం

హల్ ఊళ్లో, హెసిల్ రోడ్డు వెనక
చేపలకి పొగబెట్టే పాత కొట్టం మాది.
అద్దె పన్నెండుమందిమి పంచుకుంటాం.
వానపడితే గోడలు
ఇంకా చేపవాసనే చెబుతాయి.

ఈసారి మనిషి రాలేదు. తోళ్లొచ్చాయి.

కొండోజికి వీసా కాదన్న ఉత్తరంలో
తిరిగి వెళ్తాడన్న నమ్మకం కలగలేదని రాశారు,
ధర్మవరం దాటి
మూడు రాత్రులు ఎక్కడా నిద్రపోని మనిషి గురించి.
బొమ్మల్ని మాత్రం రేవులో
ఇరవైరెండు రోజులు వాసన చూసి వదిలారు.
ఫారంలో జంతువు పేరు దగ్గర మేక అని రాశాను.
విలువ ఎంత అన్నచోట ఆగి ఫోన్ చేస్తే
"మేకదా, బొమ్మదా?" అన్నాడు.

నవంబరు శుక్రవారం, సాయంత్రం ఆరు.
అక్కడ రాత్రి పదకొండున్నర.
తెరకి తెల్లదుప్పటి డోరీన్ ఇంటినుంచి తెచ్చింది,
మూలన ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చతో సహా.
పదిహేనో ఏటినుంచి ట్రాలర్లకి వలలల్లిన మనిషి.
ఆడించడానికీ తనే లేచింది:
"తాడు తెలిసినదానికి పుల్ల తెలీదా?"

చలికి తోలు బిగుసుకుంది. జింక మెడ తిరగదు.
ఫోన్లోంచి కొండోజి,
"దీపం దగ్గర పెట్టు తల్లీ, తొందరపెట్టకు,
దానికి ఊరు కొత్త."
నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే
ఆవిడ దీపం దగ్గరుంది.

పాట ఎత్తుకున్నాడు.
సముద్రం అడుగునుంచి రావాలి గదా,
ఒక సెకను ఆలస్యం.
దూకమనే కేక చేరేసరికి జింక దూకేసింది.
అది ఆగాక తాళం పడింది.
పంతొమ్మిది కుర్చీల్లో ఎవరో నవ్వారు.
ఈ ఏడు గ్రాంటు రాదని
నాకు అప్పుడే గుర్తురావాలా.

రెండో పాటకి డోరీన్ చెయ్యి ఆపింది,
బిగించేముందు దారం ఒప్పుకునేదాకా
ఆగినట్టు.
తెరమీద జింక నీడ, నిలబడి, ఊపిరి మాత్రం.
అప్పుడొచ్చింది గొంతు.

అక్కడ అతను
ఫోన్ చూడటం మానేసి
కళ్లు మూసుకుని పాడుతున్నాడు.

వచ్చిన విదేశీ కళాకారుల సంఖ్య:
నివేదికలో సున్నా వేశాను.
భాగస్వామ్య సంస్థ: ఒక రేకుల షెడ్డు.

జింక వెనకకాలి కీలు తెగితే
డోరీన్ నీలం వలదారంతో ముడేసింది.
అదేం ముడి అని అడిగాడు.
ఆవిడ చెప్పింది. నాకు తెలుగులో మాట దొరకలేదు.
"పేరొద్దులే,
విప్పి మళ్లీ వెయ్యమను,
నెమ్మదిగా."