నూట ముప్పై ఆరు కిలోమీటర్లు

జుగ్దిది నుంచి మెస్తియాకి
నూట ముప్పై ఆరు కిలోమీటర్లు.
వ్యానులో అయితే నాలుగు గంటలు,
మధ్యలో ఒక టీ, ఒక సిగరెట్టు.
ఇరవై ఏడేళ్లు గానుగెద్దులా అదే దారి.

ఇప్పుడు రిటైరయ్యాక
ఆ దారికే మా జుంబెర్
మూడు రోజుల ప్లాను వేస్తున్నాడు.

వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాడు.
ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల కళ్లజోడు పెట్టె,
మూడో మూల నా మోచెయ్యి.
నాలుగో మూల లేచి లేచి పడుతోంది.

"ఇక్కడ ఆగుతాం"
పెన్సిలు నాలిక మీద తడిపి సున్నా చుట్టాడు.
జ్వారి దాటాక ఆనకట్ట నీళ్లు
మొదటిసారి కనబడే మలుపు.
జనమంతా కిటికీల మీద పడి ఆహా అనేవారట.
ఈయన మాత్రం
ఎదురొచ్చే కలప లారీని చూసేవాడు.
నీళ్లు ఏం రంగు? అని అడిగాను.
"పచ్చ అనేవాళ్లు" అన్నాడు.

రెండో సున్నా ఖైషి దగ్గర.
నీలం వసారా ఇల్లు, గిన్నెలు తోముకునే ముసలామె.
రోజూ తొమ్మిదీ పదికి
నురగ కారే చెయ్యి పైకెత్తేది.
ఈయన ఒక్కసారి హారన్ కొట్టేవాడు.
పేరు తెలీదు. ఇప్పుడు ఉందో లేదో తెలీదు.
ఉంటే ఏం పట్టుకెళ్దాం?
గంటసేపు ఇదే చర్చ.
పచ్చి అక్రోటు మురబ్బా అన్నాను.
పళ్లుండాలిగా అన్నాడు.
తేనె అయితే పళ్లతో పనిలేదు.
తేనె, అని మ్యాపు అంచున రాసుకున్నాం.

మూడోది మాంసం రొట్టె అమ్మే కొట్టు.
ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చేతిలో రొట్టె,
ఒళ్లో కాగితం, కాగితం మీద నూనె.
"కూర్చుని తింటే
ఆ రుచే ఉంటుందో లేదో చూడాలి" అంటాడు.

మధ్యలో బతూమి నుంచి మనవరాలి ఫోను.
రాతి బురుజులు చూడండి, మంచుకొండ చూడండి,
అందరూ ఫొటో దిగే చెక్క వంతెన మర్చిపోకండి.
"రాసుకో" అన్నాడు నాతో.
పెన్సిలు మాత్రం ఇవ్వలేదు.

అప్పుడు నేనే లాక్కున్నాను.
ఆనకట్టకీ ఖైషికీ నడుమ
పేరులేని ఒక వంపు దగ్గర
చుక్క పెట్టాను.

ఈయన ఉలకలేదు, పలకలేదు.

ఆ ఫిబ్రవరిలో రాత్రి రెండింటికి ఇంటికొచ్చి
టైరు పంక్చరయింది అన్నాడు.
పంక్చరుకి రెండు మోకాళ్లూ ఎందుకు చీరుకుపోయాయో,
మెకానిక్ గోచా
ముందు బంపరుకి బిల్లెందుకు రాశాడో
నేను అడగలేదు.
వారం తర్వాత ఎవరో ఒకావిడ
నేను పనిచేసే మందుల షాపుకొచ్చి
దగ్గు మందు కొని, చిల్లర తీసుకుని,
నా చెయ్యి మాత్రం వదల్లేదు.
"మీ ఆయన మమ్మల్నందర్నీ దింపి
ఆఖర్న తను దిగాడమ్మా" అంది.
పంతొమ్మిదేళ్లయింది.
ఈయన దాటేసిన ఆ వంపు
నా దగ్గర ఆగిపోయింది.

"అక్కడ చూడ్డానికేం లేదు" అన్నాడు చివరికి.
తెలుసు అన్నాను.
"ఎంతసేపు ఆగాలి?"
నీ ఇష్టం. డ్రైవరువి నువ్వు.

పక్కింటివాళ్ల పాత నీవా అడిగాం, ఇస్తామన్నారు.
బ్రేకులు చూపించుకోవాలి.
శుక్రవారం వానంటున్నారు, శనివారం అనుకున్నాం.
బయల్దేరే టైము ఎక్కడా రాసుకోలేదు.
ఈయన రెండుసార్లు రాయబోయి మానుకున్నాడు.

టీ చల్లారిపోయింది.
లేస్తున్న నాలుగో మూల మీద
అరచెయ్యి ఆనించి
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు అన్నాడు:
"వెళ్లేటప్పుడు లోయంతా నా వైపే, ఎతేరీ.
నీకు కొండ గోడే కనబడుతుంది.
అందుకే ఇన్ని చోట్ల ఆపుతున్నాను."