మూడో నాబ్

చెన్నై హార్బరు దాటి గంటన్నర.
లైట్‌హౌసు వెలుగు మాత్రం
అప్పిచ్చినవాడిలా తిరిగి తిరిగి వస్తోంది.
తొమ్మిదో డెక్కు మీద, ఈతకొలను పక్కన
రెండు గజాల చెక్కగూడు నాది.
నా ముందు పదహారు నాబ్‌లు.
మూడోదానికి తీగ లేదు.

మొదట వచ్చింది పెంచలయ్య గారు, గూడూరు.
భుజాన తువ్వాలు, చేతిలో సగం కొరికిన బజ్జీ.
"అబ్బయా, రవంత తగ్గించు.
సముద్రం చూద్దామని డబ్బు కట్టినాం,
చెవుల్లో రోకళ్లు దంచించుకోడానికి కాదు."
ఆయన కళ్లముందే మూడోదాన్ని ఎడమకి తిప్పాను,
నిదానంగా, పాలగిన్నె దించినట్టు.
తల వంచి విన్నాడు.
"ఆఁ, ఇప్పుడు మనిషి మాట మనిషికి వినబడతా ఉండాది."

ఆయన మెట్లు దిగాడో లేదో
షావుకారుపేట కుర్రాళ్లు పన్నెండుమంది,
అందరికీ ఒకే రంగు చొక్కా, మధ్యలో పెళ్లికొడుకు.
"అన్నా, ఇది పెళ్లా, పెద్దకర్మా? పెంచు!"
మూడోది కుడికి.
కేకలు పెట్టారు. నేల అదిరిపోయిందన్నారు.
అదే పాట. అదే మోత.

పెరంబూరు నుంచి సుగుణా టీచరు,
పుస్తకాల గదిలోంచి కళ్లజోడు చేత్తో పట్టుకుని వచ్చింది.
అక్కడెవరో ఫోనులో మేనత్తకి
వాళ్ల క్యాబిన్ బాత్రూము చూపిస్తున్నాడట,
కుళాయి తిప్పి, నీళ్ల శబ్దంతో సహా.
"ఆయన్ని కూడా తగ్గించగలవా బాబూ?"
చూస్తానమ్మా అన్నాను. చెయ్యి ఇటే వచ్చింది.

పొద్దున ఆరుకే కుర్చీల మీద తువ్వాళ్లు.
కిటికీలోంచి రుమాలు విసిరి బస్సు సీటు పట్టినవాళ్లం,
ఓడెక్కగానే మారతామా?

ఈ విద్య ఎక్కడ నేర్చావని ఎవరూ అడగలేదు.
తండయార్‌పేటలో ఒకటే గది, ఆరుగురం.
ఫ్యాను రెగ్యులేటరు నేను పుట్టకముందే చచ్చిపోయింది.
చలి అంటూ అవ్వ రాత్రి లేచి ఒకటికి తిప్పేది.
ఉక్క అంటూ తాత లేచి ఐదుకి.
ఇద్దరికీ హాయిగా నిద్ర పట్టేది.
ఫ్యాను దాని ఇష్టమొచ్చినట్టు తిరిగేది.

ఒక్కరే పట్టుకున్నారు.
అన్నమేరి, డెబ్బై ఉంటాయేమో.
మగ్గాల మిల్లులో ఇరవై రెండేళ్లు చేసిందట,
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చిందట.
ఆ సాయంత్రమంతా స్పీకరు పెట్టె మీద
అరచెయ్యి పెట్టి కూచుంది,
దూడ వీపు మీద పెట్టినట్టు.
లేచి నా దగ్గరికొచ్చి,
"నువ్వు తిప్పినప్పుడల్లా చూశాను నాయనా,
చేతికి ఏమీ మారలేదు" అంది.
నా నోరు ఎండిపోయింది.
మేనేజరుకి చెబుతుందనుకున్నాను.
గూడులోకి తొంగిచూసి, నవ్వి,
"నాకోసం ఒకసారి తిప్పు" అంది.
ఎటు అని అడిగాను.
"ఎటైనా."

పన్నెండుకి అన్నీ ఆపేశాను.
కొలనులో నీళ్లు ఓడతోపాటు వాలి
ఒక గట్టుకి, మళ్లీ ఇంకో గట్టుకి.
కింద ఎక్కడో ఇంజను,
పక్కింట్లో పిండి రుబ్బుతున్నట్టు.

లుంగీ ఎగ్గట్టుకుని పెంచలయ్య గారు.
"ఏంది అబ్బయా ఇది,
పాట ఆగినాక ఒకటే గుయ్యిమని.
నిద్ర పట్టడంలా.
ఇది కూడా నీ చేతిలోనే ఉందా?"

ఉందండీ అన్నాను.
కరెంటు లేని పలక మీద
చీకట్లో తడుముకుని
మూడోదాన్ని ఎడమకి తిప్పాను, చివరిదాకా.

ఆయన తల వంచాడు.
నేనూ వంచాను.