ఒక్క పన్ను తేడా

కంచరపాలెంలో పంచర్ల కొట్టు ఎత్తేస్తూ
ముత్యాల్నాయుడు అమ్మేసిన కంప్రెసర్ ఇది.
ఆటోలో తెస్తుంటే ఎన్ఏడీ దగ్గర గతుక్కి
దాని కడుపులో నీళ్ళు గుడగుడమన్నాయి.
గాలి దాచుకునేదానికి నీళ్ళెందుకని అడగలేదు నేను.
అప్పటికి నాకేమీ తెలీదు.

మర్రిపాలెం, ఇంటి వెనక రేకుల షెడ్డు.
పాత కుర్చీలు గీకి రంగు కొడతాను,
వీఆర్ఎస్ తీసుకున్నాక పట్టుకున్న పని.
హైమకి కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ,
ఆవిడ నిద్ర మా ఇంట్లో మధ్యాహ్నం ఉంటుంది.

"ఎక్కడో కారుతోంది" అంది, కళ్ళు తెరవకుండానే.
"ఆక్సిజన్ గొట్టం వదులైతే ఇదే చప్పుడు."
స్స్‌స్స్ మని సన్నగా, పాము కూడా సిగ్గుపడేంత సన్నగా.
పది నిమిషాలకోసారి మోటారు ఉలిక్కిపడి లేచేది
పోయినదాన్ని పూడ్చడానికి,
పూడ్చినది మళ్ళీ పోవడానికి.

తెల్ల టేపు ఏడు చుట్లు చుట్టాను.
కొత్త కప్లింగు రెండు చుట్లెక్కి మొరాయించింది.
పైపు పానా తెచ్చి
నా వయసంతా దాని మీద వేశాను.
ఎక్కింది. కారుతూనే ఎక్కింది.

పూర్ణా మార్కెట్ సందులో దేముడమ్మ కొట్టు.
వేళ్ళకి గ్రీజు, చెవులకి ఎర్రరాళ్ళు.
కప్లింగు అందుకుని మరల మీద గోరు నడిపించింది
బియ్యంలో రాయి వెతికినట్టు.
"రెండు చుట్లెక్కి ఆగిపోనాదా? బలం పెట్టీసేరా?"
నేను నేల చూశాను.
"అంగుళానికి దీనికి పద్దెనిమిది పళ్ళు బావూ,
మీ టాంకుకి పంతొమ్మిది.
ఒక్క పన్నే కదా అనుకుంటారందరూ.
ఒక్క పన్నే."

ఇనపది సగం ధర. అటు చెయ్యి చాపాను.
అడుగున ఉన్న డబ్బా తీసి వంచింది:
పోయినేడు మిగిలిన నిపుల్స్, ఎర్రగా పొరలు రాలుతూ,
కొట్టు గడప దాటకుండానే ముసలివైపోయినవి.
"సముద్రం ఇక్కడికీ వస్తాది. అలలే రావు."
ఇత్తడి తీసుకున్నాను.

పక్కన ఒక కుర్రాడు ప్లాస్టిక్ నీళ్ళ పైపు అడిగాడు, గాలి లైనుకట.
ఆవిడ బేరం పోగొట్టుకుంది.
"నీళ్ళయితే పగిలి కారతాది. గాలయితే పగిలి ఎగురుతాది.
కళ్ళుండాలి కదరా నీకు" అని పంపేసింది.

నాకు మాత్రం రెండు కప్లర్లు వెలుగుకి ఎత్తి పట్టింది.
పైకి కవలలు.
ఒకదాని గొంతులోంచి చూస్తే వీధి కందిగింజంత.
రెండోదాని గొంతులోంచి
అరటిపళ్ళ బండి, బండివాడి మోచెయ్యి, వెనక ఆటో ముందు చక్రం.
"రంగు కొడతారు కదా, మీ గన్ను ఆకలితో చస్తాది ఆ సన్నదానితో."
మూడొందల నలభై. పాత పేపర్లో పొట్లం.

ఈసారి మర తిరిగే వైపే టేపు, మూడు చుట్లు,
మొదటి పన్ను వదిలేసి.
చేత్తో ఆగేదాకా, పానాతో ఒకటిన్నర.
ఇంకొంచెం తిప్పుదామని చెయ్యి లాగింది.
తిప్పలేదు. అదే కష్టమైన పని.

గెడ్డం బ్రష్షుతో సబ్బు నురగ పూశాను.
కప్లర్ దగ్గర నురగ నురగలానే ఉంది.
గేజు మెడ దగ్గర మాత్రం ఒక బుడగ
పసిపిల్లాడి పెదవి మీద పాల బుడగలా
ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది.
అదీ విప్పి, చుట్టి, బిగించాను.
ముల్లుని ఆరు మీద నిలబెట్టి స్విచ్ ఆపి పడుకున్నాను.

తెల్లారి హైమ భుజాన సంచీ దింపకుండా
తిన్నగా షెడ్డులోకి నడిచింది.
జ్వరం చార్టు చూసినట్టు గేజు చూసింది.
"ఆరుకి కొంచెం తక్కువ. రాత్రంతానా?"
"రాత్రంతా."
వంగి అడుగు కుళాయి విప్పింది.
తుప్పు రంగు నీళ్ళు, గ్లాసుడు, బుస్సుమంటూ.
"ఇదేమిటి?"
"మన ఊరి గాలే. పిండితే ఇంత వచ్చింది."

కుళాయి కట్టేసి చేతులు కడుక్కుంది.
కాసేపటికి గది తలుపు మూసుకున్న చప్పుడు.
మూడు కుర్చీలు రంగుకి ఎదురుచూస్తున్నాయి.
సాయంత్రం దాకా స్విచ్ వేయలేదు నేను,
షెడ్డు గుమ్మంలో కూర్చుని
ఏమీ వినపడకపోవడాన్ని విన్నాను.