పాతర లెక్క

మూడు కొటేషన్లు.
ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద బరువు,
పోయిన నెల చచ్చిన డిస్కు.

అందులో కోసిగి సుంకులమ్మ వెన్నెముక ఉంది,
మూడేళ్ల కిందటిది.
పాతది తెస్తే పోల్చి చూస్తానన్నాడంట డాక్టరు.
రెండు బస్సులు మారి కర్నూలు వచ్చింది,
కొంగుముడి విప్పి రసీదు ఇచ్చింది.
మడతల్లో చిరగలేదు, సిరా వెలవలేదు.
చీటీ ఆమె దాచింది.
ఎముక మేం పోగొట్టాం.

ఆ సాయంత్రమే అన్నాడు మా స్కానింగ్ సెంటరు సారు:
"కొత్తది కొందాం రమీజా, నువ్వే చూడు.
మళ్లీ ఆ ముఖం నేను చూడలేను."

మొదటాయన హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు.
తెర మీద నీలం పెట్టెలు, బాణాలు.
రెండు కంట్రోలర్లు, రెండు స్విచ్‌లు,
సర్వరు నుంచి డిస్కు దాకా రెండు దార్లు.
ఒకటి తెగినా ఇంకోటుంటుందన్నాడు.
"రెండు దార్లకీ కరెంటు ఒకే బోర్డు నుంచేనా?" అన్నాను.
ఆయన కాసేపు నీళ్లు తాగాడు.

రెండో ఆయన ధర సగం.
పాడైతే విడిభాగం తెల్లారేసరికి వస్తుందట.
ఎవరి తెల్లారి అన్నది కాగితంలో లేదు.

మూడో కంపెనీ వాళ్లు ఒక ఫారం పంపారు.
ఐదేళ్లలో మీ డేటా ఎంత పెరుగుతుంది?
ఎదురుగా ఒక ఖాళీ గడి.
రోజుకు నలభై మోకాళ్లు, పదిహేను తలలు,
ఎండాకాలం కిడ్నీ రాళ్లకు లెక్కే లేదు.
కొత్త మిషను ఇంకా సన్నగా కోస్తుంది,
ఒక్క తలే పది తలల చోటడుగుతుంది.
రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను.

జనరేటరుకు డీజిలు పోసి
చేతులు తుడుచుకుంటూ వచ్చాడు మద్దిలేటి.
నేను గీసిన బొమ్మ వంక చూసి,
"ఏందిమ్మా ఇది, పాతరా?"

పాతరే అన్నాను.

"మాది కోడుమూరు కాడ. మా నాయన జొన్నలు పోస్తుండె.
అడుగున గడ్డి, చుట్టూ గడ్డి, పైన మన్ను మెత్తి.
రెండు తవ్వుతుండె. ఊరికి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి.
పక్కపక్కనే తవ్వితే ఒకే చెమ్మ రెండిట్లోకీ దిగుతాది గదా."

ఇదే మాటకు మొదటాయన తొమ్మిదో స్లైడు ఖర్చుపెట్టాడు.

"తెరిసినాంక మనిషి దిగగూడదు మొదలు.
దీపం దించాల.
ఆరిపోయిందంటే, ఆకలైనా సరే, ఆ పొద్దు గింజల్లేవు."

మర్నాడు ముగ్గురికీ ఫోన్ చేశాను.
నడుస్తుండగా ఒక డిస్కు పీకి చూపించండి.
ఒక ఫైలు చెరిపేసి, బ్యాకప్‌లోంచి తెచ్చి చూపించండి,
మా కళ్లెదుట, గడియారం పెట్టుకొని.
ఒకాయన నవ్వాడు.
ఒకాయన పైవాళ్లనడగాలన్నాడు.
మూడో కంపెనీ అమ్మాయి, మాటలో ప్రొద్దుటూరు పలుకు,
"ఏ డిస్కు పీకాల్నో మీరే చెప్పండక్కా" అంది.

నాలుగోది అన్నాను. పీకింది.
స్క్రీను మీద మోకాలు కదలకుండా నిలబడింది.

సారు సంతకం చేసి పెన్ను మూత పెట్టలేదు చాలాసేపు.
"ఈ డబ్బుకి ఇంకో ఎకో మిషను వచ్చేది," అన్నాడు,
నాతో కాదు.

కింద ఏసీ గది ఖాళీగానే ఉంది, అక్కడే పెడదామనుకున్నాం.
మద్దిలేటి మెట్ల దగ్గరికి పిలిచి
గోడ మీద చెయ్యి పెట్టాడు, నా తలకంటే జానెడు పైన.
రెండువేల తొమ్మిదిలో తుంగభద్ర ఇంతవరకు.
ఆ తర్వాత మూడుసార్లు సున్నం కొట్టారు గానీ
అతని చెయ్యి వెతుక్కోకుండానే అక్కడ ఆగింది.

రెండో అంతస్తు అని రాసుకున్నాను.
స్లాబు మోస్తుందో లేదో ఇంజనీరును అడగాలి.
రెండో పాతర నంద్యాల బ్రాంచిలో, వచ్చే ఏడాది,
సారుకి ఇంకా చెప్పలేదు.

పాత డిస్కు పారెయ్యలేదు.
బెంగళూరులో ఎవరో తెరిచి చూస్తారట,
తొంభై వేలు, హామీ లేదు.
చెవి దగ్గర పెట్టి కదిపితే
లోపల ఎక్కడో
ఒక్క గింజ.