పత్తెం

ఎర్రగుంట్లలో నాపరాయి పాలిషు పట్టే మిషన్ల వెనక
బూడిదరంగు బురద ఎండి పెంకులు పెంకులుగా లేచిన చోట
గడ్డి కూడా మొలవదు.
అది దాటి రైలుకట్ట వారకు పోతే
కొండపిండాకు ఉంటుంది,
ఎవరూ విత్తకుండానే,
ముసలాయన కనుబొమ్మల మాదిరి తెల్లటి కంకులతో.

దస్తగిరమ్మ దాన్ని వేరుతో పెరకదు.
గోటితో గిల్లుతుంది.
"అంతా పీకేస్తే ఎల్లుండి ఇంకొకరికి ఏమిస్తావు,
నీ ఎంటికలా?"

రాయి సంగతి మా ఇంటికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.
మా నాయన ముప్పై ఏండ్లు గనిలో దిగినాడు.
బండ మీద అరచెయ్యి ఆనించి
జీర ఎటు పోతుందో చెప్పేవాడు.
అమ్మకు కుడి డొక్క కింద లేచిన నొప్పి
భుజం రెక్క దాకా పాకిన రాత్రి
రాళ్ళ లారీలోనే ప్రొద్దుటూరికి తీసకపోయినాం.
ఆపరేషనయినాక డాక్టరమ్మ చిన్న సీసాలో
పదకొండు ఇచ్చింది.
అలసంద గింజలంత. పసుపు తిరిగిన ఆకుపచ్చ.
నాయన ఒకటి వేళ్ళ మధ్య దొర్లించి, బల్బుకు ఎత్తిపట్టి
"దీనికి జీరే లేదే,
ఉలి యాడ పెట్టాల?" అన్నాడు.
ఆ సీసా ఇప్పటికీ గూట్లో
మెంతుల డబ్బా పక్కన ఉంది.

అందుకే నొప్పి రాకముందే పోయినా నేను,
శుక్రవారం సంతలో దస్తగిరమ్మ గోనెపట్ట దగ్గరికి.
నాలుక చూళ్ళేదు, నాడి పట్టలేదు.
"పొద్దున తినేది ఎన్నింటికి?" అనింది.
నవ్వొచ్చింది నాకు.
మొగోళ్ళ క్యారియర్లు కట్టినాక,
పాప బడికి పోయినాక, బర్రెకు కుడితి పెట్టినాక,
పదకొండు. ఒక్కోనాడు మూడు.
సోమవారం, శనివారం అసల్లేదు.

ఆమె మాట్లాడకుండా
పక్కంగడి టీ తపేలా తిప్పి లోపలి అడుగు చూపించింది.
మా బోరునీళ్ళ సున్నం, గోరు మందాన.
"నీళ్ళు కదుల్తాంటే కట్టదు.
నిలబెట్టి మర్చిపోతే కడతాది.
నీ పిత్తం తిత్తీ అంతే. తిండి వస్తేనే అది కదిలేది."

పిడికెడు కొండపిండి, నాలుగు నేలవుసిరి మొక్కలు
పేపర్లో చుట్టి, చేతికివ్వకుండా పట్టుకొనింది.
"ఏడు గంటలకు కషాయం.
ఏడున్నరకు ముద్ద. సంగటి, ఊరిబిండి, రాత్రి సద్దన్నం, ఏదైనా సరే.
ఆకు ఒంటిగా పోగూడదు లోపలికి.
వారానికి రెండుతూర్లు ఉలవకట్టు. ఒక్కపొద్దులు బందు."
"సామికి కోపమొస్తే?"
"మీ సామికి మా పీరుసామితో చెప్పిస్తాలే.
ఇరవై రూపాయలియ్యి."

మరుసనాడు ఏడున్నరకు
పొయ్యి ముందర, అందరికన్నా ముందు,
గిన్నె పెట్టుకొని కూర్చుంటే
మా అత్త ఓబుళమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది.
"పత్తెం అత్తా, మందు తాగినా" అన్నా.
ఆకలంటే ఏమనేదో.
మందంటే ఏమీ అనలేక
చెంబు తీసుకొని బయటికి పోయింది.

చేదు. నేలవుసిరి చెప్పలేనంత చేదు.
దాని మీద తిన్న వేడిసంగటికి
ఇంత రుచి ఉంటుందని
పెండ్లయిన పన్నెండేండ్లకు తెలిసింది.

నెల తిరిగినాక ఒకపొద్దున
ఓబుళమ్మ తన లోటా తెచ్చి పక్కన పెట్టింది.
"నాకూ రోంత పొయ్యి. నడుము నొస్తాంది."
నొప్పి నడుములో కాదని ఇద్దరికీ తెలుసు.

ఒక సంతనాడు అడిగేసినా దస్తగిరమ్మను,
నిజంగా కరుగుతాదా రాయి అని.
ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తా చెప్పింది:
"అయిన రాయికి ప్రొద్దుటూరు పో, నా దగ్గరికి రాగాకు.
కాకముందు సంగతే నాది.
దాంట్లో ఆకుదెంత, ముద్దదెంత,
నేను తూకమెయ్యలా."

ఎండలకు రైలుకట్ట మాడిపోయింది.
దస్తగిరమ్మ కూతురి కాన్పుకని గుత్తికి పోయి
ఇంకా రాలేదు.
ఆకు లేదు.
ఓబుళమ్మ వట్టి నీళ్ళే కాచి
రెండు లోటాల్లో పోసి
లోపలికి కేకేస్తుంది:
"యామ్మే, పత్తెం టైమయితాంది,
సంగటి కెలికినావా లేదా?"