నునుపు ఇసుక

పరనా నది ఒడ్డున ఎత్తిన ఇసుక
పన్నెండొందల కిలోమీటర్లు
నా వీపు వెనకాలే వస్తుంది.
దారిలో రెండు నిద్రలు,
లెక్కలేనన్ని మాతే గుక్కలు.
ముప్ఫై టన్నులు. ఎందుకని అడగను.

ఒకసారి అడిగాను.
మూడు వేల మీటర్ల లోతున
రాతిని నీళ్ళతో పగలగొడతారట.
పగులు మళ్ళీ మూసుకోకుండా
నా ఇసుక గింజలు అడ్డం నిలబడతాయట,
తలుపు సందులో చెప్పు పెట్టినట్టు.

ఈ నేల పేరు వాకా ముయెర్తా.
అంటే చచ్చిన ఆవు.
చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందంటారే,
ఇక్కడ ముందు కుండ పగలగొట్టి
తర్వాత పితుకుతారు.

హెర్మిండా కయుపాన్ ఇల్లు
పద్నాలుగో నంబరు బావికి ఎగువన.
మేకపాల చీజు అమ్ముతుంది, గుడ్డలో చుట్టి.
గోడకి ఒక మూల కూతురి ఎత్తులు గీసి ఉన్నాయి:
ఆరేళ్ళు, ఎనిమిది, పదకొండు.
ఇంకో మూల పగులు.
దానికీ పెన్సిలు గీతలే.
జనవరి పన్నెండు, వేకువ, రెండు కప్పులు పడ్డాయి.
మార్చి, ఆదివారం, మేకలు ముందే అరిచాయి.
జూన్, తేదీ గుర్తులేదు, పడుకునే ఉన్నాను, లేవలేదు.

పదిహేనేళ్ళకి కూతురు ఎదగడం ఆగింది.
పగులు దూలాన్ని అందుకుంది.

"ఇదివరకు భూమి కదిలేదా?"
"మా అమ్మ కదిలేది, ఊలు వడికేటప్పుడు.
భూమి కదిలేది కాదు."

ఊటనీళ్ళ దగ్గర మేకలు
వాసన చూసి తల తిప్పుకుంటున్నాయట.
పరీక్షకని పట్టుకెళ్ళిన సీసా
రెండేళ్ళయినా తిరిగి రాలేదు.
"సీసా అయినా ఇచ్చేయమను, మంచి సీసా అది" అంది.
కిటికీలో గ్యాసు మంట.
రాత్రి పదకొండింటికి కోళ్ళు ఇంకా మేస్తూనే ఉన్నాయి.

వెళ్ళబోతుంటే బకెట్టు తెచ్చింది.
"ఇంత ఇసుక పోయి, గోడకి మెత్తుకుంటాను."
టార్పాలిన్ ఎత్తి నింపి ఇచ్చాను.
ముప్ఫై టన్నుల్లో ఒక బకెట్టు ఎవరికి తెలుస్తుంది?

మూడు వారాల తర్వాత వచ్చేసరికి
మెత్తినదంతా గోడ కిందే కుప్పగా ఉంది.
గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది.
"బాగా నునుపు నాయనా, మీ ఇసుక.
ఒకదాన్నొకటి పట్టుకోదు."

రుద్ది చూశాను.
ఆవగింజల్లా దొర్లిపోయింది.
ఎన్ని వేల ఏళ్ళు దొర్లించిందో మా నది,
మూల అన్నది లేకుండా చేసింది.
పట్టుకోవడం దానికి రాదు.
ఎడంగా ఉంచడం వచ్చు.

మా ఊళ్ళో అది ఎత్తినచోట గొయ్యి పడింది.
నిరుడు వానకి నిండింది.
నా తమ్ముడి పిల్లలు దానికి చెరువని పేరు పెట్టారు,
ఎప్పటినుంచో ఉన్నదన్నట్టు.

ఈసారి బయల్దేరేముందు
ఊరి వెనక వాగులో దిగాను.
గరుకు ఇసుక, విరిగిన గుల్లలతో,
ఎవరిదో సీసా పెంకుతో సహా
ఒక బస్తా నింపి
పక్కసీట్లో కూర్చోబెట్టి
బెల్టు పెట్టాను.

తూకం గేటు దగ్గర కొత్త కుర్రాడు తొంగి చూశాడు.
"ఇదెవరికి?"
"ఒక గోడకి."
నవ్వి గొలుసు దించాడు.

వెనకదెందుకో
అతనూ అడగలేదు.