చల్లారే దాక

ఆంప్ వెనక రేకు విప్పే ముందు
ఎడమ చెయ్యి జేబుల పెట్టుకుంట.
ఇది స్టయిలు కాదు.
రెండు చేతులు లోపలికి పోతే
కరెంటు గుండె మీదికెల్లి తోవ తీస్తదని
గుజరాతీ గల్లీల ఖలీల్ సాబ్
నా పదిహేడో ఏట
మణికట్టు మీద స్కేలుతోని కొట్టి చెప్పిండు.

ప్లగ్గు పీకినంక గూడ నమ్మొద్దు.
కెపాసిటర్లు అలిగిన చుట్టాల లెక్క,
మాటలు బందయి దినాలు గడిచినా
నాలుగు వందల వోల్టులు కడుపుల దాచుకుంటయి.
రెసిస్టర్ కట్టిన తీగ ఆనిచ్చి
మీటర్ల ముల్లు పండుకునే దాక చూడాలె.

ఇయ్యాల్టి ఆంప్ ఎస్తేరుది.
లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పిల్ల.
పొద్దుగాల డయాగ్నొస్టిక్ సెంటర్ల రక్తం తీస్తది,
శుక్రవారం రాత్రి జూబ్లీహిల్స్‌ల గిటారు.
"అన్నా, మూడో పాట కాడ గర్‌గర్ అంటది.
ఇగ నా పని అయిపోతది."
తొమ్మిదికి షో. ఇప్పుడు మూడు.

పెన్సిలు తిరగేసి రబ్బరు దిక్కుతోని
ఒక్కొక్క ట్యూబును తట్టిన,
ఆమె నరం కోసం మోచెయ్యి తట్టినంత మెల్లగ.
మొదటిది పలకలే. రెండోది పలకలే.
మూడోది వంటింట్ల గిన్నె పడ్డట్టు మోగింది.
పీకి చూసిన.
లోపలి వెండి మరక తెల్లబడలే, గాలి చొరలే.
పానం ఉన్నది,
గని ఎవరు నడిచినా ఉలిక్కిపడుతది.

బిస్కెట్ డబ్బల పత్తిల చుట్టిన పాత ట్యూబులున్నయి,
కూలగొట్టిన సినిమా హాలు ఆంప్‌లకెల్లి తీసినయి.
గుద్దులు, పద్యాలు, ఇంటర్వెల్ గంట,
అన్ని మోసి మోసి బెదురు పోయినయి.
అండ్ల ఒకటి ఎక్కిచ్చిన.
గర్‌గర్ పోయింది.
అడుగున సన్నగ ఒక 'ఊఁ' మిగిలింది.

ఖలీల్ సాబ్‌ను భుజం తట్టి పిలిచిన.
రెండేండ్ల సంది ఆయనకు చెవులు పనిచేస్తలేవు.
స్టూలు మీదికెల్లి లేచొచ్చి
డబ్బ మీద అరచెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నడు,
జరమొచ్చిన పిల్లగాని కడుపు మీద పెట్టినట్టు.
"యాభై కాదు బేటా. నూరు."

అంటే ఎర్తు తప్పు కాదు, తీగ తప్పు కాదు.
ఫిల్టర్ కెపాసిటర్ ముసలిదయింది.
నాకు రెండు చెవులున్నయి. నాకు తెల్వలే.

టంకం పొగ, పంజాగుట్ట జాము,
ట్రాలీ ఆటోల దుప్పటి కప్పుకున్న ఆంప్,
జర్దా డబ్బల నాలుగు ఫ్యూజులు.
స్టేజి మీద ముందుగాల స్పీకరు తీగ పెట్టిన.
అది మరిచి మీట నొక్కితే
బయటికి తోవ లేని పాట
ట్రాన్స్‌ఫార్మర్‌నే తినేస్తది.
తర్వాత హీటరు. తర్వాత ఒక బీడి అంత సేపు.
తర్వాతనే రెండో మీట.

ఆడ మళ్ల 'ఊఁ'.
నేను గూడ అరచెయ్యి పెట్టి కండ్లు మూసిన.
ఏదో కదిలింది చేతి కింద.
యాభైయో, నూరో, నా నాడియో.
ఊరికే అన్న, "ఆ బీరు బోర్డు లైటు బంద్ చెయ్యుండ్రి."
ఆగిపోయింది.
ఎస్తేరు నన్ను ఉస్తాదును చూసినట్టు చూసింది.
నేను చెప్పలే.

మూడో పాట.
జనాన్ని చూడలే, పిల్లను చూడలే.
ఆంప్ వీపు చూసుకుంట నిలబడ్డ,
లోపల నారింజ వెలుగు
ఎర్రబడుతదా, ఎర్రబడుతదా అని.
ఎర్రబడలే.
చప్పట్లు కొట్టినోళ్లకు
ఏది జరగలేదో తెల్వది.

పన్నెండున్నర. కుర్చీలు బోర్లేస్తున్నరు.
ఆటో ఆయన రెండుసార్ల హారను కొట్టిండు.
ఎస్తేరుకు పొద్దుగాల ఆరింటికి డ్యూటీ.
పిడి మీద చెయ్యేసింది, "లేపుదామా?"

కాలుతున్న ట్యూబు లోపలి తీగ మెత్తగుంటది,
ఒక్క మెట్టు దిగితే చాలు.

"కూసో" అన్న.
కూసున్నది.
వాన తుంపర. ఆమె వేళ్ల కొసలకు తీగల గీతలు.
కొంచెం సేపయినంక వంగి
డబ్బ మీద అరచెయ్యి పెట్టింది.

"ఇంక ఉన్నదన్నా వేడి."